చెవిలో హోరుకు మనసు గోలీలు ఎందుకు రాస్తారు?

పోయిన చలికాలం ఒక సాయంత్రం హన్మకొండలోని మా మెడికల్ షాపుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తున్నాడట. మందుల చీటీ కౌంటర్ మీద పెట్టకుండా మడతపెట్టి గుప్పిట్లోనే పట్టుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ వెళ్లిపోయేదాకా ఆగి, అప్పుడు అడిగాడు.

"తమ్మీ, చెవుల గుయ్యిమని మోత వస్తుందని డాక్టరు దగ్గరికి పోయిన. ఆయన చూసి ఇంకో డాక్టరు దగ్గరికి తోలిండు. ఆ డాక్టరు ఈ గోలీలు రాసిండు. మా పిలగాడు ఫోన్ల చూసి, ఇవి డిప్రెషన్ గోలీలు బాపూ అంటున్నడు. నాకేమన్న పిచ్చి లేసిందా?"

చీటీ మీద ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు అని ఉంది.

నాకు తొమ్మిదేళ్లుగా చెవిలో హోరు ఉంది. అందులో మూడేళ్లు నేనూ ఈ మందే వేసుకున్నాను. అయినా కౌంటర్ దగ్గర నిలబడి, వెనకాల ఇంకో నలుగురు చీటీలు పట్టుకుని ఎదురుచూస్తుంటే, ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. "పిచ్చి కాదన్నా, భయం తగ్గడానికి" అని, ఒక చిన్న సలహా చెప్పి పంపాను. ఆ మాట నిజమే కానీ సరిపోదు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మోత సంగతి. మన వైపు దీన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. గుయ్యిమంటుంది, జుయ్యిమంటుంది, కీచురాళ్లు అరిచినట్టుంది, కుక్కర్ విజిల్ ఆగకుండా మోగినట్టుంది. డాక్టర్లు టిన్నిటస్ అంటారు. ప్రపంచం మొత్తం మీద పెద్దవాళ్లలో దాదాపు 14 శాతం మందికి ఏదో ఒక మేరకు ఈ హోరు ఉంటుందని, 2 శాతం మందికి అది తీవ్రంగా ఉంటుందని అంచనా. అంటే వందమంది వచ్చిన పెళ్లిలో పది పద్నాలుగు మంది చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. వాళ్లలో ఒకరిద్దరు తప్ప మిగతావాళ్లు అన్నం తిని హాయిగా ఇంటికి పోతారు. ఆ ఒకరిద్దరికీ మిగతావాళ్లకూ తేడా ఎక్కడ వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో సన్నటి వెంట్రుకలున్న కణాలు ఉంటాయి. బయటి శబ్దాన్ని నరం మీదికి ఎక్కించేవి అవే. పెద్ద మోతలో ఏళ్ల తరబడి పనిచేస్తే అవి చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. మన ఉత్తర తెలంగాణలో ఈ మోతకు కొదవ లేదు. వరంగల్ జిన్నింగ్ మిల్లులు, సిరిసిల్ల మరమగ్గాలు, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి బొగ్గు గనులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. ఇప్పుడు వీటికి డీజే కూడా తోడైంది. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. మోతవల్ల వచ్చే చెవుడు చట్ట ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలోనే ఉంది. కానీ మా షాపుకు వచ్చే మగ్గం మనిషిని గానీ మిల్లు మనిషిని గానీ అడిగితే, చెవుల్లో పెట్టుకునేవి ఎవరూ ఇవ్వలేదనే చెప్తారు. దూదే పెట్టుకుంటారు. దూది ఆ మోతను ఆపలేదు.

ఇలా చెవి నుంచి కొన్ని శబ్దాలు రావడం తగ్గిపోతే మెదడు ఊరుకోదు. పాత రేడియోలో స్టేషన్ అందనప్పుడు వాల్యూమ్ పెంచుతాం కదా. అప్పుడు పాట రాదు, బరబరమనే మోతే పెద్దదవుతుంది. మెదడు చేసేది సుమారుగా అదే. తనకు అందని శబ్దం కోసం లోపల వాల్యూమ్ పెంచుతుంది, అప్పుడు నరాల సొంత అలికిడే మోతలా వినిపిస్తుంది. ఈ అలికిడి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏం వినబడుతోందో చెప్పమన్నారు. కొద్ది నిమిషాల్లోనే 94 శాతం మంది ఏదో ఒక మోత వినబడుతోందన్నారు. ఆ గదిలోకి వెళ్లకముందు వాళ్లలో ఎవరికీ ఆ జబ్బు లేదు.

నాకు ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే రెండేళ్ల నిద్ర మిగిలేది. మొదట నేను వెళ్లిన చోట చెవి చూసి, వినికిడి పరీక్ష కాగితం చేతిలో పెట్టి, "దీనికి మందు లేదు, దీంతోనే బతకాలి" అన్నారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట విన్న రాత్రి నుంచే నాకు అసలు జబ్బు మొదలైంది.

మోత పెద్దగా ఉన్నవాడే ఎక్కువ బాధపడతాడని మనం అనుకుంటాం. కొలిచి చూస్తే అలా ఉండదు. బయటినుంచి ఒక శబ్దం వినిపించి, "మీ చెవిలో మోత ఇంత ఉందా?" అని పోల్చే పరీక్ష ఉంది. చాలామందిలో అది వాళ్లకు శబ్దం వినబడటం మొదలయ్యే గీతకు పది డెసిబెల్స్ పైన కూడా ఉండదు. ఆకులు గలగలమన్నంత. ఒకే కొలతలో మోత ఉన్న ఇద్దరిలో ఒకడు పొలం పోయి దున్నుకుంటాడు, ఇంకొకడు మంచం దిగడు.

దీన్ని పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త 1990లో వివరించాడు. బాధ పుట్టేది చెవిలో కాదు, ఆ శబ్దానికి మెదడులోని భయం భాగం వేసే ముద్రలో అన్నాడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లను అడగండి. రాత్రంతా గూడ్సు బండ్లు పోతుంటాయి, వాళ్లు కదలకుండా పడుకుంటారు. వాళ్లింటికి వచ్చిన చుట్టం మాత్రం తెల్లారిందాకా అటూ ఇటూ దొర్లుతాడు. శబ్దం ఇద్దరికీ ఒకటే. ఒకరి మెదడు దానికి "పట్టించుకోనక్కర్లేదు" అని ముద్ర వేసింది, ఇంకొకరిది ఇంకా వేయలేదు. చెవిలో మోత విషయంలో "ఇది ప్రమాదం" అనే ముద్ర పడితే మెదడు దాన్ని కాపలా కాయడం మొదలుపెడుతుంది. కాపలా కాసేకొద్దీ మోత స్పష్టంగా వినబడుతుంది. స్పష్టంగా వినబడేకొద్దీ బుగులు. బుగులుతో నిద్ర పోతుంది, నిద్ర లేకపోతే పొద్దున్నకు మోత ఇంకాస్త పెద్దదై కూర్చుంటుంది.

మనం రంది అంటామే, ఆ ఆందోళనే ఇక్కడ నూనె పోసేది. డాక్టర్లు రాసే ఈ మందు ఆ రంది మీద పనిచేసేది. మోత మీద కాదు.

పేరే పెద్ద ఇబ్బంది

యాంటీ డిప్రెసెంట్ అన్న పేరు ఈ మందులకు చరిత్ర పెట్టింది. 1957లో స్విట్జర్లాండ్‌కు చెందిన రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే మందు తీవ్రమైన దిగులు తగ్గిస్తుందని గమనించాడు, ఆ పేరే స్థిరపడింది. 1960ల మొదట్లో అమెరికాలో డోనాల్డ్ క్లైన్ అనే మానసిక వైద్యుడు అదే మందు ఉన్నట్టుండి వచ్చే విపరీతమైన భయాన్ని, అంటే పానిక్ అటాక్‌ను కూడా ఆపుతుందని చూపించాడు. ఆ తర్వాత మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ వచ్చాయి. ఇవాళ ఆందోళన జబ్బుకు డాక్టర్లు ముందుగా రాసేవి ఇవే. అంటే ఆ పెద్దమనిషి కొడుకు ఫోన్లో చదివింది తప్పు కాదు, సగం మాత్రమే. వాటిని యాంగ్జైటీ గోలీలు అని పిలిచి ఉంటే చీటీని గుప్పిట్లో దాచుకోవాల్సిన పని ఉండేది కాదు. మన దగ్గర ఎర్రగడ్డ అన్న పేరే తిట్టుగా మారిపోయింది. అక్కడ ఉన్నది మానసిక వైద్యం చేసే ఆసుపత్రి అన్న సంగతి మరిచిపోయాం. ఈ సిగ్గు వల్ల ఎంతమంది ఏళ్లకు ఏళ్లు నిద్రలేకుండా గడుపుతున్నారో నేను రోజూ చూస్తున్నాను. అందుకే నాకు కోపం వస్తుంది.

మరి ఈ మందులు హోరుకు పనిచేస్తాయా? పరిశోధనలు చెప్పే జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది, ఆ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళం. ఆందోళన, దిగులు పెద్దగా లేనివాళ్లకు ఒట్టి మోత తగ్గాలని ఇస్తే లాభం కనబడలేదు. 2005లో పారాక్సెటిన్‌తో చేసిన ప్రయోగంలో మందు వేసుకున్నవాళ్లకూ మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే మోతతో పాటు దిగులు కూడా ముదిరిన వాళ్లకు 1993లో నార్ట్రిప్టిలిన్ అనే పాత యాంటీ డిప్రెసెంట్ ఇచ్చి చూస్తే దిగులూ తగ్గింది, మోత వల్ల జీవితం ఆగిపోవడమూ తగ్గింది. తీవ్రమైన హోరుతో, ఆందోళనతో ఉన్నవాళ్లకు సెర్ట్రాలిన్ ఇచ్చిన 2006 నాటి స్వీడన్ ప్రయోగంలోనూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగైన ఫలితం వచ్చింది. అందుకే అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఒట్టి హోరుకు వైద్యంగా వీటిని మామూలుగా రాయవద్దని చెప్పింది. పక్కన ఆందోళన జబ్బు ఉంటే దానికి వైద్యం చేయడం వేరే విషయం. హోరుకంటూ అమెరికా ప్రభుత్వం ఆమోదించిన మాత్ర ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. హోరు అని వచ్చిన ప్రతి రెండో చీటీలో నేను కళ్లు తిరగడానికిచ్చే బీటాహిస్టిన్ చూస్తాను, లేదంటే గింక్గో అనే చెట్టు ఆకుల సారం, జింక్ కలిపిన క్యాప్సూల్స్. 2014 మార్గదర్శకాలు గింక్గో, జింక్ వద్దన్నాయి. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2020లో ఒట్టి హోరుకు బీటాహిస్టిన్ ఇవ్వవద్దంది. కళ్లు తిరిగే జబ్బు కూడా ఉంటే సంగతి వేరు. నెలకు అయిదారు వందలు పెట్టి ఏడాది పొడవునా అవి కొనుక్కునే కూలీ మనిషిని చూసినప్పుడు, ఆ డబ్బుతో ఒకసారి సరైన వినికిడి పరీక్ష చేయించుకుంటే బాగుండునని అనిపిస్తుంది.

మోతను పెంచే మందు మోతకు వైద్యమా?

ఇప్పుడు అసలు చిక్కు. సెర్ట్రాలిన్ డబ్బాలో మడతపెట్టిన కాగితం విప్పి చదవండి. దుష్ప్రభావాల్లో చెవిలో మోత అని ఉంటుంది. ఈ కుటుంబంలోని చాలా మందుల కాగితాల్లో అది కనబడుతుంది. బుప్రోపియాన్ అనే ఇంకో యాంటీ డిప్రెసెంట్‌కు అయితే ఇంకా ఎక్కువ. చదివినవాడికి గుండె జారిపోతుంది. "ఉన్న మోతకు తోడు ఇంకో మోతా?" అని స్ట్రిప్పు అలాగే వాపసు తెచ్చినవాళ్లున్నారు.

ఇది ఒట్టి భయం కాదు. 2017లో అమెరికాలోని ఒరెగాన్ ఆరోగ్య, శాస్త్ర విశ్వవిద్యాలయంలో టాంగ్, ట్రసెల్ అనేవాళ్లు ఎలుకల మెదడులో శబ్దం మొదట చేరే చోట ఉండే కణాలను చూశారు. సెరటోనిన్ తగిలితే ఆ కణాలు ఇంకా చురుగ్గా స్పందించాయి. అంటే కొందరిలో సెరటోనిన్ పెంచే మందు మోతను పెంచే అవకాశం ఉందనే అర్థం. ఎలుకలో చూసింది మనిషిలో అందరికీ జరుగుతుందని కాదు. కానీ ఎవరైనా పేషెంటు "గోలీ మొదలుపెట్టాక మోత పెరిగింది" అంటే, "అంతా నీ భ్రమ" అని కొట్టిపారేసే హక్కు మనకు లేదు.

మోత పెరిగింది అన్న మాటకు కనీసం మూడు అర్థాలు ఉన్నాయి. ఒక్కోదానికి చేయాల్సింది వేరు.

మొదటిది, మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోది. ఈ మందులు వేసుకున్న వెంటనే ఆందోళన తగ్గదు. పూర్తి ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మొదటి వారాల్లో కొందరికి గుండె దడ, వికారం, కాళ్లూ చేతులూ ఊరుకోకపోవడం, నిద్ర చెడిపోవడం ఉంటాయి. అంటే తగ్గకముందు రంది కొంచెం పెరుగుతుంది. రంది పెరిగితే మోతా పెరిగినట్టు అనిపిస్తుంది. నాకు ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అలాగే అయింది. పదో రోజు రాత్రి రెండింటికి లేచి, వంటింట్లో ఫ్రిజ్ పక్కన కింద కూర్చున్నాను. ఫ్రిజ్ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు ఊపిరి ఆడేది, అది ఆగగానే చెవిలో మోత గోడల నుంచి వచ్చినట్టు కమ్ముకునేది. మళ్లీ ఎప్పుడు తిరుగుతుందా అని దాని తలుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి మందు ఆపేద్దామనే అనుకున్నాను. పొద్దున డాక్టరుకు ఫోన్ చేస్తే, 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించి, రెండు వారాలు అక్కడే ఆగమన్నారు. మూడో వారం చివర్లో ఒక సాయంత్రం గిర్మాజిపేటలో కూరగాయలు కొంటూ, అరగంటగా మోత సంగతే తలుచుకోలేదని హఠాత్తుగా గుర్తొచ్చింది. గుర్తురాగానే మోత వినబడింది. అయినా ఆ అరగంట నాది.

రెండోది మందు పడకపోవడం. మోతాదు పెంచిన ప్రతిసారీ మోత ఒక మెట్టు ఎక్కి, నెల దాటినా దిగకపోతే, అది మందు వల్లే కావచ్చు. అప్పుడు డాక్టరు మందు మారుస్తారు. మార్చుకునే అవకాశాలు చాలా ఉన్నాయి. నిద్ర బొత్తిగా పట్టనివాళ్లకు మిర్టాజపిన్ లాంటివి రాస్తారు. ఇది చెప్పకపోతే డాక్టరుకు తెలియదు.

ఆ పెద్దమనిషికి నేను ఇచ్చిన ఒకే ఒక సలహా ఇక్కడే. గోడ మీది క్యాలెండర్లో రోజూ రాత్రి అన్నం తిన్నాక రెండు అంకెలు వేసుకోమన్నాను. మోత పదికి ఎంత? రంది పదికి ఎంత? రెండూ వేరు వేరుగా. రోజుకు ఒక్కసారే. మోత ఉందా పోయిందా అని గంటకోసారి చెవి పెట్టి వినడం పుండు మీద పొక్కు గీకినట్టే, మానదు. నెల తర్వాత ఆ కాగితం డాక్టరు ముందు పెడితే, మందు పనిచేస్తోందో లేదో అర్థమవుతుంది. ఎక్కువమందిలో ముందు దిగేది రెండో అంకె.

మూడోది మందు తెగిపోవడం. ముందు గోలీలు తప్పిపోవడం సంగతి. ఊరికి పోయి స్ట్రిప్పు మరిచిపోవడం, మేడారం జాతరలో నాలుగు రోజులు అన్నీ వదిలేయడం జరుగుతుంది. పారాక్సెటిన్ ఒంట్లో సగం తగ్గడానికి ఒక రోజు కూడా పట్టదు, రెండు రోజులు తప్పితేనే తల తిరుగుతుంది. ఫ్లూఆక్సెటిన్, దాని అవశేషం వారాల పాటు ఉంటాయి. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ ఈ మధ్యలో, పారాక్సెటిన్ వైపుకు. పండక్కి ఊరెళ్లేవాళ్లు బట్టలతో పాటు వారానికి సరిపడా గోలీలు కట్టుకోవాలి.

ఇక పూర్తిగా ఆపేయడం. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నాలుగు నెలలకు ప్రాణం తేలికపడింది, ఇంక ఎందుకులే అని ఒక ఆదివారం నుంచి మానేశాను. మందుల మధ్య నిలబడి బతికేవాణ్ని, ఎవరినీ అడగలేదు. మూడో రోజు తల తిప్పితే లోపల కరెంటు తీగ తగిలినట్టు ఝల్లుమంది. నాలుగో రోజు మోత మొదట్లో కన్నా గట్టిగా మొదలైంది. జబ్బు తిరగబెట్టిందని, ఇంక జన్మలో వదలదని ఏడ్చాను. నిజానికి అది జబ్బు కాదు. మందు హఠాత్తుగా ఆపితే వచ్చే లక్షణాల జాబితాలో తల తిరగడం, కరెంటు షాకులు, ఆందోళనతో పాటు చెవిలో మోత కూడా ఉంది. మందు కాగితంలోనే రాసి ఉంటుంది. జబ్బు తిరిగి రావడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆపిన రెండు మూడు రోజుల్లోనే విరుచుకుపడితే అది మందు ఆపడం వల్ల వచ్చిందని అనుమానించాలి.

ఎలా తగ్గించాలన్నదానికి మెట్ల బావిని తలుచుకోండి. మనకు మామూలుగా పైమెట్లు, కిందిమెట్లు ఒకే ఎత్తు అనిపిస్తుంది. ఈ మందుల్లో అలా ఉండదు. మామూలు మోతాదు వేసుకున్నప్పుడే మెదడులో ఈ మందు పట్టుకోవాల్సిన చోట్లలో దాదాపు 80 శాతం పట్టేసి ఉంటుంది. 20 నుంచి 10కి తగ్గిస్తే పెద్ద తేడా తెలియదు, 5 నుంచి సున్నాకు దూకితే నిలువెత్తు పడిపోయినట్టుంటుంది. 2019లో హోరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లెక్క చూపించి, చివరి భాగాన్ని అన్నిటికన్నా నెమ్మదిగా, చిన్న చిన్న మెట్లుగా దిగాలని చెప్పారు. నేను రెండోసారి అలాగే దిగాను. అయిదు నెలలు పట్టింది. మోత ఒక్కరోజు కూడా హద్దు దాటలేదు.

ఒక గోలీలో రెండు మందులు

ఇది మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన గోలీలు మన మార్కెట్లో విపరీతంగా అమ్ముడవుతాయి. బ్రాండు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపల ఏముందో దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేసుకునేవాడు ఒక గోలీయే కదా అనుకుంటాడు. క్లోనజెపామ్ వేరే జాతి. గంటలోపే నెమ్మది తెస్తుంది, నిద్ర పట్టిస్తుంది, మోత కూడా దూరమైనట్టు అనిపిస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు, అసలు మందు పట్టుకునేదాకా ఊతకర్రలా ఇస్తారు. నెలల తరబడి సాగితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. అప్పుడు ఆపితే రంది, నిద్రలేమి, మోత మూడూ కలిసి వస్తాయి. ముసలివాళ్లు రాత్రి లేచి తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. ఏడాది కిందటి చీటీ చూపించి అదే గోలీ తీసుకుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇచ్చేవాళ్లం మేమే. ఆ తప్పులో మా షాపుల వాటా ఉందని ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు. మీ స్ట్రిప్పు మీద చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటే, రెండోది ఎన్ని రోజులని డాక్టరును అడగండి. నేను మానేసి దెబ్బతిన్నది కూడా ఈ జోడు గోలీనే. రెండు మందులను ఒకేసారి ఆపానని నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

కల్లు సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పరు. చెప్పాలి. మన వైపు కల్తీ కల్లులో అల్ప్రజోలామ్, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది పదేపదే బయటపడిన విషయమే. 2015లో నిజామాబాద్ వైపు, ఇంకొన్ని జిల్లాల్లో కల్తీ మీద దాడులు జరిగి కల్లు దొరక్కపోయేసరికి, వందలమంది వణుకుతో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు వచ్చారు. అల్ప్రజోలామ్ కూడా క్లోనజెపామ్ జాతే. రోజూ ఆ కల్లు తాగేవాడు ఈ గోలీ వేసుకుంటే ఒకే జాతి మందు రెండు దారుల్లో ఒంట్లోకి పోతుంది. కల్లు మానిన వారం మోత పెరిగితే చెవిని తిట్టుకోవడం కాదు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇంకొన్ని మందుల సంగతి తెలిసి ఉండాలి. చెవి లోపలి భాగాన్నే దెబ్బతీసేవి ఉన్నాయి: అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, క్వినైన్, నీరు దిగడానికిచ్చే ఫ్యూరోసెమైడ్. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసేముందు "నాకు చెవిలో హోరుంది" అని ఒక్కమాట చెప్పండి. ఎస్సిటాలోప్రామ్ లాంటివి వేసుకుంటూ ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ రోజూ మింగితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ కలిస్తే ఇంకో రకం ప్రమాదం. అరవై దాటినవాళ్లు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే బీపీ గోలీలు వేసుకునేవాళ్లు, మందు మొదలుపెట్టిన వారాల్లో మగతగా, తికమకగా ఉంటే రక్తంలో సోడియం చూపించుకోవాలి. పాతికేళ్ల లోపు పిల్లలకు ఈ మందులు మొదలుపెట్టినప్పుడు మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. ఏ వయసువాళ్లకైనా అలాంటి ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

కొన్ని హోరులు ఈ వ్యాసంలోకి రావు. ఒక్క చెవిలోనే మోత, గుండె కొట్టుకున్నట్టు లయగా మోత, ముఖం ఒక పక్క వాలడం, ఇల్లు గిర్రున తిరగడం ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. రాత్రి బాగున్న చెవి పొద్దునకు వినబడకపోతే అది ఎమర్జెన్సీ. స్టెరాయిడ్ వైద్యం మొదటి రోజుల్లో అందితేనే ఫలితం, సోమవారం చూద్దాంలే అనుకోకూడదు. వరంగల్ ఎంజీఎంలో ఈఎన్‌టీ, మానసిక వైద్యం రెండు విభాగాలూ ఉన్నాయి. ఒకే ఆవరణలో రెండు చీటీలు రాయించుకోవచ్చు.

గోలీ ఒక్కటే చాలదు. వైద్య పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2020లో ఇచ్చిన సమీక్షలో, ఆలోచన తీరును, అలవాట్లను మార్చే సీబీటీ అనే మాటల వైద్యం వల్ల హోరు పెట్టే బాధ తగ్గుతుందని తేలింది. మన జిల్లాల్లో అది చేసేవాళ్లు తక్కువ, ఫోన్లో దొరుకుతారు. వినికిడి తగ్గినవాళ్లకు మిషన్ పెడితే బయటి శబ్దాలు మెదడుకు మళ్లీ అందుతాయి, లోపల పెంచిన వాల్యూమ్ దిగుతుంది. పేదవాడికి అన్నిటికన్నా అందుబాటులో ఉన్నది ఫ్యాను. హోరు ఉన్నవాళ్లు చలికాలంలోనే మా షాపుకు ఎక్కువ వస్తారు. చాన్నాళ్లు కారణం తెలియలేదు. ఎండాకాలమంతా కూలర్ మోతలో పడుకుంటారు, నవంబర్ రాగానే కూలర్ మూటకట్టి, ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి దుప్పటి కప్పుకుంటారు. ఆ నిశ్శబ్దంలో చెవి ఒక్కటే మోగుతుంది. చలికాలంలో ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టుకుంటే గాలి తగలదు, శబ్దం ఉంటుంది. మోత పూర్తిగా మునిగిపోయేంత కాకుండా దాని కన్నా కొంచెం తక్కువ శబ్దం ఉంటే చాలు, అప్పుడే మెదడుకు అలవాటవుతుంది.

ఎన్నాళ్లు వేసుకోవాలని అందరూ అడుగుతారు. ఆందోళన తగ్గాక కనీసం ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి, ఆ తర్వాత మెల్లగా దించుతారు. తగ్గిన రోజు నుంచి లెక్క, మొదలుపెట్టిన రోజు నుంచి కాదు.

ఆ పెద్దమనిషి ఫిబ్రవరిలో మళ్లీ వచ్చాడు. ఈసారి చీటీతో పాటు ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్ నుంచి చింపిన జనవరి కాగితం కూడా తెచ్చాడు. తారీఖుల కింద బాల్‌పెన్నుతో అంకెలు. మొదట్లో ఎనిమిది, తొమ్మిది. పదో తారీఖున పది, దాన్ని రెండుసార్లు దిద్దాడు. నెల చివరికి మోత ఏడు, రంది నాలుగు. ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా గళ్లు ఖాళీగా ఉన్నాయి.

"ఇవెందుకు వదిలినవే అన్నా?"

కాసేపు కాగితం వంక చూశాడు. "యాదికి లేదు తమ్మీ. మనుమరాలు వచ్చింది, దాంతోనే అయిపోయింది."